రాయబారంలో కృష్ణుడెవరు? మా ఊరి కురుక్షేత్రం కాంట్రాక్టుపై సమీక్ష

ఈ ఏడాది శ్రీరామనవమి ఉత్సవాల చివరి రాత్రి మా ఊరి రామాలయం ముందు కురుక్షేత్రం పద్యనాటకం ఆడించాము. మాది తెనాలికి కాస్త దూరంలో ఉన్న డెల్టా పల్లె. నటీనటులు, హార్మోనియం, తబలా, తెరలు, కిరీటాలు, దుస్తులు, మేకప్ అన్నీ విడివిడిగా సమకూర్చుకునే ఓపిక ఇప్పటి ఉత్సవ కమిటీలకు లేదు కనుక, అందరూ చేసినట్టే మేమూ మొత్తం పని ఒక నాటక కాంట్రాక్టరుకు అప్పగించాము. కమిటీ తరఫున ఆయనతో మాట్లాడినదీ, బయానా ఇచ్చినదీ, తెల్లవారాక లెక్క తేల్చినదీ నేనే. పద్యనాటకం ఆడించదలచిన ఇతర గ్రామాల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆయన ఒక్కరిదే కాదని ఈ చుట్టుపక్కల నాటకాలు ఆడించిన వారందరికీ తెలుసు.

పద్యనాటకంతో పరిచయం లేని వారి కోసం ఒక మాట ముందుగా చెప్పాలి. కురుక్షేత్రం పేరుతో పల్లెల్లో ఆడేది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం, పాండవ విజయం నాటకాలలోని ఘట్టాలను కలిపి కూర్చిన ప్రదర్శన. రాత్రంతా సాగే ఆటలో కృష్ణుడి వేషం మొదటి నుంచి చివరి దాకా ఒకరే వేయడం అరుదు. దుర్యోధనుడు, అర్జునుడు సాయం కోరి వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, కౌరవ సభలో సంధి మాట్లాడే రాయబారానికి మరొక కృష్ణుడు, యుద్ధరంగానికి అవసరమైతే ఇంకొకరు వస్తారు. సత్య హరిశ్చంద్రలో కూడా అంతే. అడవిలో హరిశ్చంద్రుడు వేరు, కాటి సీనులో హరిశ్చంద్రుడు వేరు. ప్రేక్షకులు దీనిని లోపంగా ఎన్నడూ చూడలేదు, పైగా ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు గాయక నటులను పోల్చి వినే అవకాశంగా భావించారు. అందువల్ల నాటకం కుదిరిందని తెలియగానే ఊళ్ళో పుట్టే మొదటి ప్రశ్న ‘ఏం నాటకం’ అని కాదు, ‘రాయబారంలో కృష్ణుడెవరు’ అని. కథ అందరికీ వచ్చు, పద్యాలు సగం మందికి కంఠస్థం. ఇక తెలియవలసినది ఆ పద్యం ఏ గొంతులో వస్తుందన్నదే. కాంట్రాక్టరు దగ్గర మేము కొనుక్కున్న సరుకు ఏమిటని అడిగితే, నా లెక్కలో తెరలూ లైట్లూ కాదు, ఆ గొంతే.

ఫిబ్రవరిలో ఫోనులో బేరం కుదిరినప్పుడు నేను కృష్ణుల సంగతి అడిగాను. కృష్ణ పాత్రలకు ఈ జిల్లాల్లో మంచి పేరున్న ఒక మహిళా కళాకారిణిని పిలుస్తున్నామని, ఆవిడ తేదీ ఖాళీగానే ఉందని ఆయన అన్నారు. ఏ సీనుకు అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తప్పులో నా వాటా నాకుంది. అయితే ఆ సాయంత్రానికే ఊళ్ళో మాట ఒక రూపు దాల్చింది: ‘ఈసారి రాయబారం ఆడమనిషి చేస్తుందట.’ మూడు రోజులకు పక్క ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేను కాంట్రాక్టరును రెండోసారి అడిగినప్పుడు ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. ‘మీరు నిశ్చింతగా ఉండండి, ఆట బాగుంటుంది’ అన్నారు.

ఆ తరువాతి నెల రోజులు మా ఊరి అరుగుల మీద జరిగిన చర్చను నేను జీవితంలో మరిచిపోలేను. నలభై ఏళ్ళుగా నాటకాలు చూస్తున్న వారు, పద్యాలను ఫోనుల్లో మాత్రమే విన్న కుర్రవాళ్ళు, నాటకం అంటే ఆసక్తి లేదని చెప్పుకునే వారు కూడా ఒక అభిప్రాయంతో వచ్చి కూర్చున్నారు. మొదట వ్యతిరేకించిన వారిలో మా ఊరి విశ్రాంత తెలుగు మాస్టారు ఒకరు. ఆయన అభ్యంతరం ఆడవారు కృష్ణుడు వేయకూడదని కాదు. పడక సీనులో కృష్ణుడు బంధువుతో పరిహాసమాడే కృష్ణుడని, రాయబారంలో కృష్ణుడు నిండు సభలో ఒక రాజును హెచ్చరించే కృష్ణుడని, ఆ హెచ్చరికకు గొంతులో బరువు ఉండాలని ఆయన వాదన. రాయబారంలోని ‘జెండాపై కపిరాజు’ పద్యం శార్దూల వృత్తం. మూడు గురువులతో మొదలయ్యే ఆ పాదాన్ని మంద్రంలో, అంటే కింది స్థాయిలో, నిలబెట్టి చెప్పగలిగితేనే దుర్యోధనుడి వెన్నులో చలి పుడుతుందని, ఆ పద్యాన్ని తీపిగా పాడడం ఎంతటివారికైనా తగదని ఆయన చెప్పారు.

దానికి సమాధానం మా అత్తయ్య నుంచి వచ్చింది. ఆవిడ చిన్నతనంలో సురభి వారి నాటకాలు చూశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ నాటక కుటుంబాలలో స్త్రీలు రంగస్థలం మీదికి రావడం, అవసరమైతే మగ వేషాలు కట్టడం కొత్త సంగతి కాదు. ‘స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే మీ తాతలు ఆడవాళ్ళ నడక ఆయన్ని చూసి నేర్చుకోవాలన్నారు కదా మాస్టారూ, మరి ఆడమనిషి కృష్ణుడు వేస్తే నడక దగ్గర ఎందుకు ఆగిపోతారు?’ అని ఆవిడ అడిగారు. ఈ ప్రశ్న మా ఊళ్ళో అడగడం సబబే. బాపట్లలో పుట్టిన స్థానం వారు తెనాలి శ్రీరామవిలాస సభలోనే స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ పేరు వినగానే మాస్టారు కాసేపు మౌనంగా ఉండి, తాను స్త్రీ గురించి కాదు, శ్రుతి గురించి మాట్లాడుతున్నానని మళ్ళీ చెప్పారు.

శ్రుతి మాట వచ్చాక చర్చ అసలు విషయానికి చేరింది. మైకులు లేని రోజుల నుంచి మన రంగస్థల గాయకులు హెచ్చు శ్రుతిలో పాడడానికి అలవాటు పడ్డారు. చివరి వరుసలో గోనెపట్టా మీద కూర్చున్న వాడికి కూడా పద్యం వినిపించాలి కనుక అది అవసరం. అందుచేత కచేరీ గాయకుల విషయంలో ఉన్నంత దూరం ఇక్కడ స్త్రీ పురుషుల శ్రుతుల మధ్య ఉండదు. హార్మోనిస్టు గట్టివాడైతే ఒక సీనులో ఇద్దరికీ సర్దగలడు. అయినా కృష్ణుడి శ్రుతి ఒకటి, దుర్యోధనుడి శ్రుతి ఒకటి అయినప్పుడు సంవాద పద్యాలలో ఊపు తగ్గే ప్రమాదం ఉంది. ఇది ముందుగా కలిసి సాధన చేస్తే తీరే చిక్కు. కాంట్రాక్టు నాటకంలో ఆ సాధన ఉండదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరి నుంచి బస్సు దిగి, మేకప్ గదిలో పలకరించుకుని, నేరుగా తెర ముందుకు వెళ్తారు. అయినా తెల్లవార్లూ ఆట నడిపించగలుగుతున్నారంటే వారి అనుభవం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ కళాకారుల పట్ల నా గౌరవం ఈ సమీక్షలోని ఏ ఫిర్యాదు వల్లా తగ్గేది కాదు.

ఇంకొక వర్గం రాగం వైపు నిలబడింది. వీరిలో చాలామంది రంగస్థల గాయక నటుడు షణ్ముఖి ఆంజనేయరాజు గారి పద్యాలను రికార్డుల ద్వారా విన్నవారు. పద్యం చివర రాగం తీసి, ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని అరిచే దాకా నిలపకపోతే అది పద్యనాటకమే కాదని వారి అభిప్రాయం. వారికి ఎదురుగా, కృష్ణ పాత్రకు పేరున్న మరో నటుడు పీసపాటి నరసింహమూర్తి గారి అభిమానులు నిలిచారు. ఏ పదం దగ్గర విరవాలో, ఏ పదం మీద ఊనిక వేయాలో తెలిసిన వాచికమే కృష్ణుడికి ప్రాణమని, రాగం పద్యానికి అంచులా ఉండాలి తప్ప ముసుగులా ఉండకూడదని వీరు అంటారు. ఈ తగవు నిన్నటిది కాదు. ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ కృష్ణ పాత్రకు పేరుపొందిన బందా కనకలింగేశ్వరరావు గారు పద్యంలో భావానికి పెద్దపీట వేసినవారు. ఆయన కాలం నాటికే ఈ రెండు పక్షాలూ ఉన్నాయి. ఫలానా ఆవిడ వస్తుందా రాదా అన్న పుకారు చుట్టూ మా వాళ్ళు నెల రోజులు వాదించినదంతా నిజానికి ఈ పాత తగవే. ఆవిడది రాగమున్న గొంతని విన్న వారు ఆవిడ రావాలన్నారు, మాట విరుపు కోరుకునే వారు వద్దన్నారు. ఆడా మగా అన్నది పైకి కనిపించిన సంగతి మాత్రమే.

నా అభిప్రాయం కూడా దాచుకోను. నేను మాట వైపు మనిషిని. ‘అలుగుటయే యెరుంగని’ అనే చంపకమాల ధర్మరాజు శాంతం గురించి చెబుతూనే ఆ శాంతం చెదిరితే ఏమవుతుందో చెప్పే పద్యం. అందులో భయం పుట్టించేది ‘అలిగితే’ అన్న ఊహే. ఆ పదాన్ని రాగంలో ముంచేస్తే సభలో ఉన్న వారికీ వినిపించదు, సభ ముందున్న వారికీ వినిపించదు. అయినా స్త్రీ గొంతులో ఆ పద్యం వినాలన్న కోరిక నాకు నిజంగా కలిగింది. కోపం లేకుండా హెచ్చరించడం ఇళ్ళల్లో ఆడవారు చేసినంత నేర్పుగా మగవారు చేయలేరని నాకు చాలాసార్లు అనిపించింది. రాయబారంలో కృష్ణుడు చేసేది సరిగ్గా ఆ పనే.

పండుగకు వారం ముందు గోడపత్రికలు వచ్చాయి. వాటిలో పన్నెండు మంది నటీనటుల ఫొటోలు ఉన్నాయి, ఎవరు ఏ సీనులో ఏ పాత్ర అన్నది మాత్రం లేదు. ఆ కళాకారిణి ఫొటో మధ్యలో, అందరికంటే పెద్దదిగా వేశారు. ఆ గోడపత్రిక చూసిన ఎవరైనా ఆవిడే రాయబారం కృష్ణుడు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, మళ్ళీ అడగడం మానేశాను.

ప్రదర్శన ఏర్పాట్ల విషయంలో చెప్పవలసిన ఫిర్యాదులు ఎక్కువ లేవు. తొమ్మిది గంటలకు మొదలు కావలసిన ఆట పదింబావుకు మొదలైంది, పల్లెల్లో అది ఆలస్యం కింద రాదు. తెరలు శుభ్రంగా ఉన్నాయి. ద్వారక తెర రంగులు వెలిసిపోయినా సభ తెర కొత్తది. కిరీటాలు, భుజకీర్తులు మెరుగు పెట్టి తెచ్చారు. మైకులే ఇబ్బంది పెట్టాయి. వేలాడదీసిన రెండు మైకుల మధ్య నటుడు కదిలినప్పుడల్లా సగం పాదం గాలిలో కలిసిపోయింది. హార్మోనిస్టు మాత్రం ఆ రాత్రికి దొరికిన వరం. నటుడు ఎత్తుకున్న చోటుకు వేలు ముందే చేరుకునేది, నటుడు పాదం మరిచిపోతే రాగం తిప్పి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది. ఆయనకు ప్రత్యేకంగా శాలువా కప్పాము.

పడక సీనులో తెర తొలగగానే పాన్పు మీద పడుకుని ఉన్నది ఆ కళాకారిణే. ఊరంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు కూర్చున్నారు. ఆవిడ కళ్ళు తెరవడానికి తీసుకున్న సమయం గురించి ఇంకా మా ఊళ్ళో మాట్లాడుకుంటున్నారు. ముందు అర్జునుణ్ణి చూసి, చూసినట్టు తెలియనివ్వకుండా ఒళ్ళు విరుచుకుని, అప్పుడే గమనించినట్టు దుర్యోధనుడి వైపు తిరిగి ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎత్తుకున్నారు. రాగం తీశారు గానీ చాలా తక్కువ. అన్నదమ్ములు, పిల్లలు, చుట్టాలు అందరూ సుఖమేనా అని వరసగా అడిగే ఆ పద్యంలో ఒక్కొక్కరి పేరు దగ్గర ఒక్కొక్క రకమైన చిరునవ్వు పలికించారు. కర్ణుడి పేరు దగ్గర నవ్వు కాస్త ఆగింది. రాగం కోసం వచ్చిన వారూ, మాట కోసం వచ్చిన వారూ కలిసి వన్స్‌మోర్ అన్నారు. మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. ఆయన ఏమీ అనలేదు గానీ రెండోసారి పద్యం పాడుతున్నప్పుడు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటన్నర ప్రాంతంలో రాయబారం మొదలైంది. నారద, ద్రౌపది ఘట్టాలకు నిద్రపోయిన పిల్లలను కూడా లేపి కూర్చోబెట్టారు. సభ తెర ముందుకు నడిచి వచ్చిన కృష్ణుడు ఆవిడ కాదు, డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఒక పెద్ద కళాకారుడు. ఆ క్షణంలో మైదానంలో లేచిన గుసగుస ఆయనకు వినిపించే ఉంటుంది. ఇరవై ముప్పై మంది లేచి వెళ్ళిపోయారు, వారిలో పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన వారే ఎక్కువ. నాటకరంగంలో జీవితం గడిపిన మనిషి తాను చేయని తప్పుకు ఆ అవమానం మోయవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆయన చాలా బాగా చేశారని కూడా చెప్పాలి. ‘చెల్లియో చెల్లకో’ ఉత్పలమాలను దాదాపు మాట్లాడినట్టే చెప్పారు. ఒక ఇంటి పెద్ద పాలివారి తగవులో మధ్యవర్తిగా కూర్చుని ‘జరిగినదేదో జరిగింది, నేను నమ్మి వచ్చాను’ అన్నట్టే ఉంది. ‘అలుగుటయే’ దగ్గర ఆయన విరుపు నేను ఇంతవరకు విన్న వాటిలో ఉత్తమమైనది. ‘జెండాపై’ దగ్గర మాత్రం గొంతు సహకరించలేదు. చివరి పాదంలో రాగం అందుకోబోయి దగ్గు వచ్చి ఆగారు. హార్మోనిస్టు ఆదుకున్నాడు. దుర్యోధనుడి వేషం వేసిన నటుడు ఆ సమయంలో సింహాసనం మీద నుంచి లేచి రెండడుగులు ముందుకు వేసి, ప్రేక్షకుల చూపు తన మీదికి తిప్పుకుని, పెద్దాయనకు ఊపిరి తీసుకునే వీలు కల్పించాడు. సుయోధనుడిగా మాధవపెద్ది వెంకట్రామయ్య గారిని చూసిన ప్రాంతం మాది. మంచి దుర్యోధనుడు ఉంటేనే కృష్ణుడు వెలుగుతాడని మా పెద్దలు ఎందుకనేవారో ఆ రెండడుగులలో అర్థమైంది.

తెల్లవారాక ఆ కళాకారిణికి కాఫీ ఇస్తూ రాయబారం ఎందుకు చేయలేదని అడిగాను. తనకు మొదటి నుంచీ పడక సీను మాత్రమే చెప్పారని, రాయబారం తాను ఇతర ఊళ్ళలో చేస్తూనే ఉన్నానని, మా ఊళ్ళో తన గురించి ఇంత చర్చ జరిగిందన్న సంగతి మేకప్ వేసుకుంటున్నప్పుడు మా ఆడవాళ్ళు చెబితేనే తెలిసిందని ఆవిడ అన్నారు. కాంట్రాక్టరును పిలిచి అడిగితే, ‘రాయబారం ఆవిడే చేస్తారని నేను ఎప్పుడూ అనలేదు కదండీ’ అన్నారు. అక్షరాలా చూస్తే అది నిజమే. అయితే ఊరంతా ఏమనుకుంటున్నదో ఆయనకు నెల రోజులుగా తెలుసు. ఒక్క ఫోనుతో సరిచేయగలిగిన అపోహను, జనం ఎక్కువగా వస్తారన్న లెక్కతో అలాగే ఉండనిచ్చారు. దాని వల్ల ముగ్గురికి అన్యాయం జరిగింది: చేయని వాగ్దానానికి బాధ్యురాలైనట్టు నిలబడవలసి వచ్చిన ఆవిడకు, మరొకరి కోసం ఎదురుచూస్తున్న జనం ముందుకు రావలసి వచ్చిన పెద్దాయనకు, ట్రాక్టరు ఖర్చు పెట్టుకుని వచ్చిన ప్రేక్షకులకు. సొమ్ము విషయంలో ఆయన పేచీ పెట్టలేదు, కుదిరినదానికి పైసా ఎక్కువ అడగలేదు, కళాకారులకు మా ఎదుటే లెక్కలు తీర్చారు. ఆ నిజాయితీని నేను మనస్ఫూర్తిగా గుర్తిస్తున్నాను.

తెరలు, దుస్తులు, వాద్యం, కళాకారుల ఎంపిక చూసి ఈ సేవను ఇతర గ్రామాల వారికి నేను సిఫారసు చేస్తాను, కానీ కాగితం రాసుకోకుండా బయానా ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. ఆ కాగితంలో నాటకం పేరు, తేదీ, సొమ్ము రాస్తే చాలదు. పడక సీను కృష్ణుడు, రాయబారం కృష్ణుడు, దుర్యోధనుడు, హార్మోనియం ఎవరెవరో పేరు పేరునా రాయించాలి. ఎవరైనా రాలేకపోతే ఎన్ని రోజుల ముందు తెలియజేయాలో రాయించాలి. గోడపత్రికలో ప్రతి ఫొటో కింద పాత్ర, సీను అచ్చు వేయించాలి. మైకులు మాత్రం మీరే వేరుగా మాట్లాడుకోవడం మంచిది.

వచ్చే నవమికి మేము మళ్ళీ ఆయనకే పని అప్పగించాము. ఈసారి నేను ముందుగా ఆ కళాకారిణికి ఫోను చేసి, రాయబారానికి ఆవిడ నోటి మాట తీసుకుని, ఆ తరువాతే బయానా పంపాను. పెద్దాయనను పడక సీనుకు రమ్మని అడిగాము, సంతోషంగా ఒప్పుకున్నారు. దుర్యోధనుడు, హార్మోనిస్టు ఈ ఏడాది వచ్చినవారే. శ్రుతి చూసుకోవడానికి ఆ నలుగురూ ఆట రోజు మధ్యాహ్నానికే మా ఊరు చేరుకోవాలని కాగితంలో రాసుకున్నాము. వారి భోజనం మాస్టారి ఇంట్లో.